ఎడం చెయ్యి నేనిస్తాను

కిరీటికి ఏ బేస్ గిటారూ నచ్చడం మానేసింది.

కొనేటప్పుడు నచ్చకుండా కొన్నవి కావు అవి. ప్రతి దానికోసమూ మోజుపడి, ఊళ్ళు తిరిగి, బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంటికి రాగానే పాత తీగలు విప్పేసేవాడు. మెడ వంకర తీసి, చెక్కకి నూనె పట్టించి, తుప్పు పట్టిన మరలు మార్చి, కొత్త తీగలు బిగించి ఒళ్ళో పెట్టుకునేవాడు. కొన్నాళ్ళు పండగలా ఉండేది. ఆ తర్వాత ఎక్కడో ఒక స్వరం మొద్దుగా పలికినట్టు అనిపించేది. ఒకసారి అనిపించిందంటే ఇక మిగతా స్వరాలేవీ చెవికెక్కేవి కావు. దాన్ని అమ్మేసి ఇంకోటి వెతుక్కునేవాడు.

అతని ఉద్యోగం కూడా అలాంటిదే. విశాఖపట్నంలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున, గుద్దుకున్న కార్లు చూసి ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో రాసిచ్చే పని. సొట్ట ఎంత చిన్నదైనా అతని కంటికి కనపడకుండా పోదు. గిటార్లు కొని అమ్మే మిత్రుల్లో ఎవరికైనా అనుమానం వస్తే ముందు కిరీటికి ఫోటో పంపేవారు. ఫోటో చూసే లోపం చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల ఎంతో ఇష్టం.

ఆ చూపు గిటార్ల దగ్గర ఆగలేదు. అతను వాయించే బృందంలో పాడే అమ్మాయికి శ్రుతి ఎక్కడ జారుతుందో చెప్పాడు. కీబోర్డు వాయించే అతనికి ఎక్కడ తొందర ఎక్కువో చెప్పాడు. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన డ్రమ్మర్ సాల్మన్‌కైతే ప్రతి పాట తర్వాతా చెప్పాడు. చెప్పినవన్నీ నిజాలే. ఒకరోజు సాల్మన్ డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతూ, మొహం చూడకుండా అన్నాడు.

"నువ్వుంటే మాకు వాయించబుద్ధి కావట్లేదురా. కొన్నాళ్ళు రాకు."

కిరీటి బేస్‌ని సంచీలో పెట్టుకుని వచ్చేశాడు. ఆ వారమంతా దాన్ని బయటికి తీయలేదు. చివరికి కంచరపాలెంలో ఉన్న రత్నరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

రత్నరాజు మాస్టారు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. నలభయ్యేళ్ళుగా వాళ్ళ చర్చిలో బేస్ వాయిస్తున్నాడు. ముందుగదిలో నాలుగు కుర్చీలు వేసుకుని వచ్చినవాళ్ళకి నేర్పుతాడు. కిరీటికి బేస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఎక్కువ మాట్లాడడు. తప్పు వాయిస్తే తప్పని చెప్పడు, మళ్ళీ మొదటినుంచి తనూ కలిసి వాయిస్తాడు.

కిరీటి వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. కిరీటి కూడా కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాడు. కాసేపటికి అన్నాడు.

"మాస్టారూ, నాకు సరిపోయే బేస్ ఒక్కటీ దొరకట్లేదు. వాయిస్తుంటే సంతోషం లేదు. లోపమే వినపడుతోంది. నా చెవి పాడైందా, లేక నిజంగానే అన్నీ అలాంటివేనా?"

మాస్టారు ఈనె తీసిన కాయల్ని గిన్నెలో వేశాడు.

"ఇప్పుడేదైనా చూస్తున్నావా?"

"విజయనగరంలో ఒకటుందండి. ఆర్కెస్ట్రాలో వాయించినాయన అమ్మేస్తున్నాడట. పాతది. ఫోటోలో చూస్తే మెడ కొంచెం వంగినట్టుంది. ఆదివారం వెళ్దామనుకుంటున్నాను."

"ప్రార్థనయ్యాక నేనూ వస్తాను," అన్నాడు మాస్టారు.

అంతే. అడిగినదానికి జవాబు రాలేదు. కిరీటి మిగిలిన కాయలన్నిటికీ ఈనె తీసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఇద్దరూ బస్సులో విజయనగరం వెళ్ళారు. కిరీటి వీపున చిన్న సంచీ. అందులో బ్యాటరీతో నడిచే బుల్లి స్పీకరు ఆంప్, మెడలోపలి కడ్డీ తిప్పి వంపు సరిచేసే తాళంచెవి, తీగల ఎత్తు కొలిచే ఇనుప స్కేలు. ఎక్కడికి వెళ్ళినా ఆ సంచీ ఉండాల్సిందే. దారంతా మాస్టారు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

ఇల్లు కోట వెనకవైపు సందులో ఉంది. రేకుల వసారా, దాని వెనక ఒకటే గది. తలుపు తీసినావిడ పేరు పైడితల్లమ్మ. వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాయన ఆమె భర్త, బెవర సన్యాసిరావు. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆయన బేస్ లేకుండా ఆర్కెస్ట్రా లేదని చెప్పుకునేవారు. ఇప్పుడు ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఎడం చెయ్యి ఒళ్ళో వాలి ఉంది, వేరెవరిదో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

"నిరుడు వానాకాలంలో పచ్చవాతం వొచ్చీసింది బాబూ," అన్నాడు. "మాటకేటీ అవలేదు, దేవుడి దయ. కూకోండి."

పైడితల్లమ్మ లోపల్నించి బేస్ తెచ్చింది. పాత దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చింది. దుప్పటి విప్పి మంచం మీద పడుకోబెట్టి, పక్కకి తప్పుకుంది.

కిరీటి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మెడ చివరినుంచి ఒక కంటితో గురిచూశాడు. స్కేలు పెట్టాడు. తీగ తీగనీ మెడ మీద అడ్డంగా ఉండే ప్రతి మెట్టు దగ్గరా, ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

"మెడ వంగిందండి. తీగలు బాగా పైకి లేచిపోయాయి. ఈ నాబ్ తిప్పితే దుమ్ముకి పట్టేస్తోంది. చెయ్యి ఆనేచోట రంగంతా పోయింది. తీగ బిగించే ఈ చెవి అసలుది కాదు, ఎవరో వేరేది బిగించారు. ఇదిగో ఇక్కడ వినండి, ఈ ఫ్రెట్ లేచిపోయింది, లావు తీగ జిర్రుమంటోంది."

సన్యాసిరావు ప్రతి మాటకీ తలూపాడు. ఊపిన ప్రతిసారీ తల ఇంకాస్త కిందకి దిగింది. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పైడితల్లమ్మ అక్కడే ఆగిపోయింది.

కిరీటికి ఈ ఘట్టం అలవాటే. లోపాలు చెబుతుంటే అమ్మేవాళ్ళ మొహం కొంచెం కొంచెంగా వాలుతుంది. పూర్తిగా వాలాక బేరం ఆడితే సులువు. అది తన నేర్పని అతనెప్పుడూ అనుకునేవాడు. ఇంకా చెప్పడానికి రెండు మూడు మిగిలాయి.

రత్నరాజు మాస్టారు లేచాడు. కిరీటి చేతిలోంచి బేస్ తీసుకున్నాడు. కొట్టి లాక్కున్నట్టు కాదు, బరువు మోస్తున్నవాణ్ణి కాసేపు కూర్చోమన్నట్టు. తీసుకెళ్ళి సన్యాసిరావు ఒళ్ళో పెట్టాడు.

సన్యాసిరావు గాభరాపడ్డాడు.

"నానెలగ వాయిస్తాను మాస్టారూ. చెయ్యి చచ్చిపోనాది గదా."

"కుడిది బాగానే ఉంది కదండీ," అన్నాడు మాస్టారు.

"కుడిదొక్కటీ ఏటి సేసుకుంటాది?"

మాస్టారు చెప్పులు విడిచి, మంచం మీద ఆయనకి ఎడమవైపు ఆనుకుని కూర్చున్నాడు. బేస్ మెడ ఇప్పుడు మాస్టారి ఒళ్ళోకి వచ్చింది. తన ఎడం చేతిని మెడ కిందనుంచి పోనిచ్చి తీగల మీద వేళ్ళు ఆనించాడు.

"ఎడం చెయ్యి నేనిస్తాను. కుడి చెయ్యి మీరివ్వండి."

సందులో ఎవరో కుక్కర్ దించిన చప్పుడు వినపడింది. సన్యాసిరావు కుడిచెయ్యి మెల్లగా లేచి, రంగు పోయిన ఆ చోటే, ముంజెయ్యి సరిగ్గా ఆనేట్టు వాలింది. రెండు వేళ్ళు తీగ మీదకి వచ్చాయి.

మొదట ఒక్క స్వరం. మళ్ళీ అదే స్వరం. ఆపైన మాస్టారి వేళ్ళు ఒక మెట్టు జరిగితే ఈయన మీటాడు, ఈయన మీటడం ఆపితే మాస్టారు జరిగాడు. తడబడ్డారు. ఇద్దరి వేళ్ళూ కలవక ఒకచోట తీగ గుడ్డిగా చప్పుడు చేస్తే సన్యాసిరావు నవ్వాడు. ఆ నవ్వు చూసి పైడితల్లమ్మ టీ గ్లాసుల్ని గుమ్మం పక్కన కింద పెట్టేసి కూర్చుండిపోయింది.

ఆ తర్వాత దారి దొరికింది. ఏదో పాత పాట నడక. జాతరకి బళ్ళు వరసగా వెళ్తున్నట్టు, తొందర లేకుండా, ఆగకుండా. కిరీటి చప్పున తన ఆంప్ తీసి బేస్‌కి వైరు తగిలించాడు. రేకుల వసారా కింద ఆ గొంతు నిండిపోయింది. మంచం కోళ్ళలోంచి నేలలోకి దిగి, కిరీటి అరికాళ్ళకి తగిలింది.

జిర్రు వస్తుందని అతను ఎదురుచూశాడు. ఆ ఫ్రెట్ దగ్గరకి మాస్టారి వేలు వెళ్ళింది. రాలేదు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. కిరీటి ముందుకి వంగి సన్యాసిరావు కుడిచేతిని చూశాడు. ఆ ఒక్క స్వరం రాబోయే ముందు వేళ్ళు తీగ మీదకి మెత్తగా దిగుతున్నాయి, నిద్రపోతున్నవాళ్ళ పక్కనుంచి నడిచినట్టు. ఆ మెత్తదనం వల్లనే పాటకి అక్కడో ఊపిరి వచ్చింది. తను లోపమని వేలుపెట్టి చూపించిన చోట.

మాస్టారు హఠాత్తుగా ఆపి తన మణికట్టు నొక్కుకున్నాడు.

"నా చెయ్యి పట్టేసింది. కిరీటీ, నువ్వు రా."

కిరీటి మంచం మీద కూర్చున్నాడు. ఎడం చెయ్యి మెడ మీద వేశాడు. ఇన్నేళ్ళు వాయించినవాడే, మొదటి స్వరానికే తప్పాడు. ఆయన ఏ క్షణంలో మీటుతాడో తన చేతిలో లేదు. ఎంత గట్టిగానో, ఎంత మెల్లగానో తన చేతిలో లేదు. సన్యాసిరావు భుజం తన భుజానికి ఆని ఉంది. ఆయన ఊపిరి పీల్చినప్పుడు ఆ భుజం కొంచెం లేస్తోంది. దాన్ని పట్టుకుని వెళ్ళడం తప్ప దారిలేదు. వింటూ వెళ్ళాడు. వినడంలో పడి మిగతావి మరిచిపోయాడు.

ఎంతసేపు వాయించారో తెలీదు. ఆపేసరికి టీ చల్లారిపోయింది. పైడితల్లమ్మ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, గ్లాసులు తీసుకుని లేచింది.

"మళ్ళీ పెడతానుండండి," అంది. "ఆ మాయరోగం వొచ్చింతర్వాత ఇయ్యాలే ఈయన నవ్వడం."

కిరీటి బేస్ వైపు చూస్తూ, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు.

సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దు బాబూ. ఉంచుకుని ఏటి సేస్తాను? దుప్పట్లో సుట్టి మంచం కింద పెట్టీసినప్పటినుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. వాయించీవోడి ఇంట్లో ఉండాల అది. నీ చెయ్యి బాగుంది. తీసుకెళ్ళిపో."

నీ చెయ్యి బాగుంది. కిరీటి ఆ మాట విని ఎన్నాళ్ళైందో. తనెవరితోనైనా అని ఎన్నాళ్ళైందో కూడా గుర్తు రాలేదు. బేరం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన అడిగిందే ఇచ్చి, బేస్‌ని ఆ దుప్పట్లోనే చుట్టుకుని తీసుకొచ్చాడు. బస్సులో మాస్టారు మళ్ళీ నిద్రపోయాడు. కిరీటి దుప్పటి మూటని ఒళ్ళోంచి దించలేదు.

ఇంట్లో బల్ల మీద బేస్ పడుకోబెట్టి, తీగలు వదులు చేశాడు. మెడలోపలి కడ్డీని పావు చుట్టు తిప్పి, ఒకరోజు ఊరుకుని, మళ్ళీ పావు చుట్టు తిప్పాడు. నాబ్‌లో దుమ్ము ఊదేశాడు. చెక్క మీది చెమట మరకల్ని తడిగుడ్డతో తుడిచాడు. రంగు పోయినచోట మాత్రం గుడ్డ ఆపి, అక్కడ తన ముంజెయ్యి ఆనించి చూసుకున్నాడు. కొంచెం పక్కకి జరిపితే సరిపోయింది.

లేచిపోయిన ఫ్రెట్ ఒక్కటీ మిగిలింది. ఆకురాయి తీసి అరగంట పని చేస్తే చదునైపోతుంది. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. తియ్యబుద్ధి కాలేదు. ఆ మెత్తటి వేళ్ళు గుర్తొచ్చాయి. ఈ జిర్రు పోతే ఆ మెత్తదనమూ పోతుందేమో. చివరికి విజయనగరం ఫోన్ చేశాడు. ఇన్ని గిటార్లు కొన్నాడు గానీ, అమ్మినవాళ్ళకి ఆ తర్వాత ఫోన్ చేయడం అదే మొదలు.

"ఆ జిర్రు ఉంది కదండీ. దాన్ని తీసెయ్యమంటారా, అలా ఉంచమంటారా?"

అవతల సన్యాసిరావు గట్టిగా నవ్వాడు.

"ఎందుకుంచడం? తీసీ బాబూ. మా ఊళ్ళో తీసీవోడు లేక నానన్నేళ్ళూ దాన్ని తప్పించుకు తిరిగాను. నీకెందుకా బాధ?"

కిరీటికీ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి ఆకురాయి అందుకున్నాడు.

ఆ వారంలోనే, అమ్మేద్దామని పక్కన పెట్టిన మిగతా బేసులు ఒకటొకటే తీసి వాయించాడు. ఒకదాని గొంతు తేనెలా ఉంది, ఇన్నాళ్ళూ దాని మూలన పగిలిన రంగు మాత్రమే చూశాడు. ఇంకోదాని మెడ చిన్న చేతులకి కొలిచి చేసినట్టుంది. కాలేజీలో చదువుకునే ఒక అమ్మాయి దాన్ని కొనడానికి వచ్చింది. వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని, మోసపోతామేమోనన్న భయంతో వచ్చింది. కిరీటి ఆ బేస్‌కున్న లోపం ముందే చూపించాడు. తర్వాత దాని మంచి కూడా అంత వివరంగానూ చెప్పాడు. ఆ అమ్మాయి వేళ్ళు చూసి, తీగలు కాస్త కిందికి దించి ఇచ్చాడు. ఆమె వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "థాంక్సండీ," అంది. "నేనే చెప్పాలి," అన్నాడు కిరీటి. ఆమెకి అర్థంకాలేదు. వాళ్ళ నాన్న మాత్రం నవ్వి తలూపాడు.

ఆ సాయంత్రం సాల్మన్ ఇంటికి వెళ్ళాడు. సాల్మన్ గేటు తీశాడు గానీ దారి ఇవ్వలేదు.

"ఏంటి?"

కిరీటి గేటు చువ్వ పట్టుకున్నాడు.

"నువ్వు దెబ్బ వేసి ఆగుతావు చూడు, ఆ ఖాళీ," అన్నాడు. "ఆ ఖాళీ లేకపోతే నాకు స్వరం ఎక్కడ పెట్టాలో ఎప్పటికీ తెలిసేది కాదురా. నీకు చెప్పలేదెప్పుడూ."

సాల్మన్ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. వెక్కిరింత కాదని తేల్చుకున్నాక గేటు పూర్తిగా తెరిచాడు.

"లోపలికి రా. అమ్మ చేపలపులుసు పెట్టింది."

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక కిరీటి చర్చి బయట నిలబడి ఉన్నాడు. వీపున బాగుచేసిన బేస్. రత్నరాజు మాస్టారు మెట్లు దిగి వచ్చాడు.

"ఎక్కడికి?"

"విజయనగరం."

"అమ్మకానికి ఇంకేమైనా ఉందా అక్కడ?"

"లేదండి."

మాస్టారు గొడుగు తెచ్చుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఆ మధ్యాహ్నం వసారాలో కిరీటి ఎడమవైపున, సన్యాసిరావు కుడివైపున కూర్చున్నారు. ఈసారి తీగలు కిందికి దిగి ఉన్నాయి, మెడ తిన్నగా ఉంది. సన్యాసిరావు ఒక్కసారి మీటి, చెవి ఒగ్గి విని, "ఎంత సుకంగా ఉందో," అన్నాడు. పైడితల్లమ్మ టీ ముందే ఇచ్చేసి, చల్లారకముందే తాగమని చెప్పి మరీ కూర్చుంది. సందులోంచి ఇద్దరు ముగ్గురు వచ్చి వసారా అంచున నిలబడ్డారు. ఒకామె, "మా పెళ్ళిలో వాయించినారు ఈయన," అని పక్కావిడతో మెల్లగా అంది.

వాన మొదలైంది. రేకుల మీద చినుకుల చప్పుడు పెద్దదైతే వాళ్ళు కాస్త గట్టిగా వాయించారు. తగ్గితే తగ్గించారు.

పాట అయిపోయింది. కిరీటి మెడ మీదినుంచి చెయ్యి తీయబోతే, సన్యాసిరావు తన కుడిచేత్తో ఆ చేతిని పట్టుకున్నాడు. వదల్లేదు.

వాన తెరిపిచ్చింది. రత్నరాజు మాస్టారు వసారా దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గొడుగు విప్పాడు.

"బస్సుకి వేళైంది కిరీటీ."

కిరీటి తన చేతిని పట్టుకున్న ఆ చేతిని చూశాడు. తర్వాత మాస్టారిని చూశాడు.

"తర్వాతి బస్సుకి వెళ్దాం మాస్టారూ."

మాస్టారు గొడుగు ముడిచాడు. చెప్పులు విడిచి, వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.